వేళ్ళతో చూడవలసిన వేళ్ళు

ఆర్కిడ్ మొక్కకు ఆ పేరు పువ్వును చూసి పెట్టినది కాదు, వేరును చూసి పెట్టినది. క్రీస్తుకు పూర్వం గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ వ్రాసిన వృక్షశాస్త్ర గ్రంథంలో ‘ఆర్కిస్’ అనే మొక్క ఒకటి ఉన్నది. నేల అడుగున జంటగా ఉండే దాని దుంపల ఆకారాన్నిబట్టి వచ్చిన పేరు అది. తరువాతివారు ఆ ఒక్క మొక్క పేరునే 25,000కు పైగా జాతులున్న మహాకుటుంబానికంతటికీ పెట్టారు. పాతవారు వేరు చూసి పేరు పెట్టారు. మనమో, పువ్వు చూసి కొంటున్నాము, ఆకు చూసి నీళ్ళు పోస్తున్నాము, చివరకు మొక్క ఎందుకు చచ్చిపోయినదో తెలియక ఖాళీ కుండీని పెరటిగోడ మీదికి ఎక్కిస్తున్నాము.

ఆర్కిడ్లు ఒకప్పుడు ధనవంతుల అద్దాల ఇళ్ళలో పెరిగే వస్తువు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ అనే శాస్త్రజ్ఞుడు గాజుసీసాలో పంచదార కలిపిన పోషకద్రవ్యం మీద ఆర్కిడ్ విత్తనాలను మొలిపించే పద్ధతిని లోకానికి చెప్పాడు. 1960లో ఫ్రాన్సులో జార్జి మొరెల్ చిగురుకొనలోని రవ్వంత కణజాలంనుంచి మొక్కలను పెంపుచేసే దారి చూపాడు. ఆ తరువాతనే ఇవి సామాన్యులకు అందినవి. ఈనాడు బెంగుళూరు, చెన్నై, పుణే నర్సరీలలో ఎక్కడ చూసినా ఇవే. గృహప్రవేశానికి వెళ్ళేవారు కూడా పళ్ళబుట్టకు బదులు పూలతో ఉన్న ఆర్కిడ్ కుండీని పట్టుకుపోతున్నారు. అలా వచ్చిన మొక్క మన ఇళ్ళలో రెండో ఏడు ఎందుకు పూయదో, మూడో ఏడు ఎందుకు ఉండదో చెప్పుకోవలసిన అవసరం ఉన్నది. ముందుగా మా ఇంట్లో జరిగినదే చెబుతాము.

అమ్మ కుండీ

మాది బెంగుళూరు. మా అమ్మకు ఒక డెండ్రోబియమ్ కుండీ ఉండేది. ఒక ఆగస్టునెల లాల్‌బాగ్ పూలప్రదర్శనకు వెళ్ళి వస్తూ గేటు బయట కొన్నది. ఊదారంగు పూలు. పెరటిగుమ్మం పక్కన ఒక ఇనుపస్టూలు దాని చోటు. పదకొండేళ్ళు అక్కడే ఉన్నది. ప్రతి ఉదయమూ కాఫీ అయిన తరువాత అమ్మ ఆ కుండీని రెండు చేతులతో పైకెత్తి, ఒక్క క్షణం ఉంచి, మళ్ళీ దింపేది. స్టూలు తుడవడానికి కాబోలు అనుకునేవాళ్ళము. ఒకనాడు నీళ్ళు పోసేది, ఒకనాడు పోయకుండానే లోపలికి వచ్చేసేది. పెద్దదైపోయింది, మరచిపోతున్నదని మాలో మేము అనుకున్నాము.

అమ్మ పోయిన తరువాత ఆ మొక్క బాధ్యత మాకు వచ్చింది. అమ్మ మరచిపోయినట్లు మేము మరచిపోకూడదని పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నియమంగా పోశాము. మూడు నెలలు గడిచేసరికి ఆకులు పచ్చబడి రాలసాగినవి. చెరుకుగడల్లా నున్నగా ఉండే కాడలు ముడుతలు పడినవి. నీళ్ళు చాలడం లేదనుకుని మధ్యాహ్నం మూడో చెంబు మొదలుపెట్టాము. బలం చాలడం లేదనుకుని ఎరువు వేశాము. ముడుతలు పెరిగినవేగాని తగ్గలేదు.

సంవత్సరీకానికి బరంపురంనుంచి మా మేనమామ వచ్చాడు. పెరట్లోకి వెళ్ళినవాడు అక్కడే నిలబడిపోయాడు.

“ఏమర్రా, అక్కయ్య మొక్క ఇలా అయిందేం?”

“ఎన్ని నీళ్ళు పోసినా చాలడం లేదు మామయ్యా.”

ఆయన కుండీని ఎత్తాడు. “ఇంత బరువేమిటి?” అంటూ దాన్ని వంచి అంచుమీద అరచేత్తో రెండు దెబ్బలు వేశాడు. లోపలిదంతా కుండీ ఆకారంలోనే నల్లటి ముద్దగా ఊడివచ్చింది. మురుగుకాలువ వాసన. ఒక వేరును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని మెల్లగా లాగాడు. పైచర్మమంతా ఆయన వేళ్ళలోకి వచ్చేసి, మొక్కకు సన్నని దారపుపోగు ఒకటి మిగిలింది. రెండోది లాగాడు, మూడోది లాగాడు. అన్నీ దారాలే.

“దీనికి దాహం కాదర్రా. ఊపిరాడడం లేదు. తాగే నోరే కుళ్ళిపోయిన తరువాత ఎన్ని చెంబులు పోస్తే ఏం లాభం?” అన్నాడు.

ఈ వ్యాసంలో చెప్పదలచినదంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. నీళ్ళు లేక ఎండిపోతున్న ఆర్కిడ్ ఆకూ, నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళిన ఆర్కిడ్ ఆకూ చూపుకు ఒకే విధంగా ఉంటాయి. రెండింటికీ ఆకు వాడుతుంది, కాడ ముడుతలు పడుతుంది. మొదటిదానికి నీరు ప్రాణం, రెండోదానికి అదే నీరు విషం. ఆకు చూసి ఏది ఏదో చెప్పలేము. వేళ్ళను చూడవలెను. కంటితో చూస్తే చాలదు, చేతివేళ్ళతో చూడవలెను.

వృక్షాదని కాదు, వృక్షరుహ

మనం కుండీలలో పెంచే ఆర్కిడ్లు, అంటే ఫెలినాప్సిస్, డెండ్రోబియమ్, కాట్లియా, వాండా మొదలైనవి, దాదాపుగా అన్నీ చెట్లకొమ్మలమీద పెరిగే జాతులనుంచి వచ్చినవే. ‘వాండా’ అన్న పేరు మన సంస్కృతంలోని ‘వందా’ శబ్దమే. అమరకోశంలో వందకు వృక్షాదని అనీ, వృక్షరుహ అనీ పర్యాయపదాలున్నవి. మొదటిదానికి చెట్టును తినేది అని అర్థం, రెండోదానికి చెట్టుమీద మొలిచేది అని అర్థం. తెలుగులో మనం బదనిక అంటాము. మామిడికొమ్మమీద మొలిచిన దేనినైనా పల్లెల్లో బదనిక అనడమే వాడుక.

మన తెలుగు నేలకూ ఈ వాండాకూ పాత సంబంధం ఉన్నది. 1793లో కలకత్తా తోటకు వెళ్ళేదాకా సామర్లకోటలో ఉండి, సర్కారుజిల్లాల మొక్కలను చిత్రకారులచేత బొమ్మలు వేయించిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కలపై 1795లో వెలువడిన తన గ్రంథ సంపుటంలో ఈ చెట్టుమీది మొక్కను వర్ణించాడు. 1820లో రాబర్టు బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు సంస్కృతపు పేరును శాస్త్రీయనామంగా స్థిరపరచి, దానికి రాక్స్‌బర్గ్ పేరే జోడించాడు. పసుపు, గోధుమరంగు రేకులమీద గళ్ళు గళ్ళుగా గీతలుండి, కమ్మని వాసనవేసే ఆ పువ్వు ఇప్పటికీ తూర్పుతీరపు మామిడిచెట్లమీద, ఇప్పచెట్లమీద కనిపిస్తుంది.

అయితే దీనికి వృక్షాదని అనే పేరు న్యాయం కాదు. నిజమైన బదనిక తన వేరును చెట్టు లోపలికి దించి దాని నీటిని పీల్చుకుంటుంది. ఆర్కిడ్ అలా కాదు. కొమ్మను పట్టుకుని నిలబడుతుందేగాని దానినుంచి ఏమీ తీసుకోదు. బెరడుమీద జారే వాననీరు, మంచు, గాలిలోని తేమ, ఆకులు కుళ్ళి పట్టుకున్న కొద్దిపాటి సారం, ఇంతే దాని ఆహారం. “చెట్టు మీద ఉంటుందిగాని చెట్టును తినదు” అనేవాడు మా మామయ్య, బరంపురంలో తమ పెరటిమామిడి మీది వాండాను చూపుతూ.

ఇలా బతకవలసిన మొక్క గనుక దాని వేరు మందారపు వేరులాగానో, గులాబివేరులాగానో ఉండదు. లోపల సన్నని గట్టి నరం ఒకటి. దాని చుట్టూ పచ్చని కండ. ఆపైన స్పంజిలాంటి తెల్లని తొడుగు. ఆ తొడుగును శాస్త్రజ్ఞులు వెలమెన్ అంటారు. అది ప్రాణంలేని ఖాళీ కణాల పొర. ఎండినప్పుడు ఆ కణాలనిండా గాలి ఉండి వేరు వెండిలా తెల్లగా మెరుస్తుంది. వాన పడగానే కొద్ది నిమిషాల్లోనే నీటిని పట్టుకుని అద్దంలా పారదర్శకమవుతుంది. అప్పుడు లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. తరువాత గాలి వీచి పైతడిని ఆరబెడుతుంది. తడవడం, ఆరడం, మళ్ళీ తడవడం, ఇదీ ఆ వేరు జీవితం. ఆరే అవకాశమే లేకుండా రోజూ తడిలో ఉంచితే తొడుగు నిండా నీరే నిలిచిపోయి, లోపలి కండకు గాలి అందక చచ్చిపోతుంది. చచ్చిన కండను బూజు తింటుంది. మా అమ్మ కుండీలో జరిగినది ఇదే.

ఈ తప్పు మనమొక్కరమే చేసినది కాదు. 19వ శతాబ్దపు తొలిరోజులలో ఇంగ్లండుకు ఓడలలో తెచ్చిన ఉష్ణదేశపు ఆర్కిడ్లు లెక్కలేనన్ని చచ్చినవి. ఉష్ణదేశమంటే ఉక్కపోతేననుకుని అక్కడి తోటమాలులు గాలి చొరని వేడి అద్దాల ఇళ్ళలో, మట్టికుండీలలో వాటిని పాతిపెట్టారు. 1830ల తరువాత చాట్స్‌వర్త్‌లో జోసెఫ్ పాక్స్‌టన్ వేరువేరు జాతులకు వేరువేరు వేడిమి, అన్నింటికీ చక్కని గాలి ఏర్పాటుచేసిన తరువాత మొక్కలు నిలబడినవి.

అయిదు పరీక్షలు

వేళ్ళ ఆరోగ్యం తెలుసుకోవడానికి ప్రతిసారీ మొక్కను ఊడబెరకనక్కర లేదు. తేలికనుంచి కష్టానికి వరుసగా అయిదు పరీక్షలు చెబుతాము.

మొదటిది బరువు. నీళ్ళు పోసి, అడుగునుంచి కారడం ఆగిన తరువాత కుండీని ఒకసారి ఎత్తి చూడండి. రెండుమూడు రోజుల తరువాత మళ్ళీ ఎత్తండి. చేతికి ఆ తేడా ఒక వారంలో అలవాటవుతుంది. తేలికైనప్పుడే నీళ్ళు. ఎన్నాళ్ళకూ తేలిక కాకపోతే లోపల ఏదో కుళ్ళుతున్నదని అర్థం. మామయ్య ఈ మాట చెప్పినప్పుడు మాకు ఇనుపస్టూలు గుర్తుకు వచ్చింది. అమ్మ స్టూలు తుడవడానికి కుండీ ఎత్తలేదు. ఆమె చేతిలో ఏనాడూ గుడ్డ లేదు.

రెండవది కదలిక. మొక్క మొదలును రెండు వేళ్ళతో పట్టుకుని అతి మెల్లగా కదపండి. వేళ్ళు బాగుంటే మొక్కతోపాటు కుండీయే కదులుతుంది. మొక్క ఒక్కటే ఊగిసలాడితే దాని పట్టు పోయినదన్నమాట. కొత్తగా కుండీ మార్చిన మొక్కకు మాత్రం ఈ పరీక్ష వర్తించదు.

మూడవది రంగు. పారదర్శకమైన ప్లాస్టిక్ కుండీలో పెంచే ఫెలినాప్సిస్‌కు ఇది సులభం. ఎండిన వేరు వెండిరంగు, తడిసిన వేరు ఆకుపచ్చ. తడిపిన తరువాత కూడా పచ్చబడక బూడిదరంగులోనో, గోధుమరంగులోనో ఉండిపోయిన వేరును అనుమానించవలెను. కాని రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. కుండీ లోపలి వేరుకు వెలుతురు తగలదు, బెరడుముక్కల కషాయపు మరక అంటుకుంటుంది. గోధుమరంగుగా ఉన్నా రాయిలాంటి వేళ్ళు ఉంటాయి. రంగు చూసి కత్తెర వేసినవారు బతికిన వేళ్ళనే కోసుకుంటారు.

నాలుగవది స్పర్శ. ఇదే అసలు పరీక్ష. వేరును రెండు వేళ్ళ మధ్య సున్నితంగా నొక్కండి. లేత బీన్సుకాయలా గట్టిగా నిండుగా ఉంటే బతికున్నది. మెత్తగా నలిగి నీరు కారితే కుళ్ళింది. నొక్కగానే కాగితపు గొట్టంలా అణిగి, చర్మం ఊడి దారం మిగిలితే ఎన్నడో పోయింది. మెత్తని తడివేళ్ళు ఎక్కువగా ఉంటే నీరు ఎక్కువైనదని ఖాయం. కుళ్ళు వాసన లేక, ఎరువుముక్కలు ఇంకా గట్టిగా ఉండి, వేళ్ళు మాత్రం ఎండి బోలుగా ఉంటే నీరు తక్కువైనదనో, ఉప్పు ఎక్కువైనదనో చూడవలెను.

అయిదవది కొన. పెరుగుతున్న వేరుకు కొనలో అర అంగుళం మేర నున్నగా, ఆకుపచ్చగానో ఎర్రగానో మెరిసే మొన ఉంటుంది. అది కనిపిస్తే మొక్క ఉత్సాహంగా ఉన్నట్లే. కొనదాకా తెల్లని తొడుగు కప్పుకుని ఉంటే చచ్చినట్లు కాదు, విశ్రాంతిలో ఉన్నది. కొన నల్లగా మాడి ఉంటే ఉప్పు లేదా ఎరువు ఘాటు. కొరికినట్లు ఉంటే రాత్రిపూట నత్తలో, బొద్దింకలో వస్తున్నవి. దీపం పట్టుకుని వెళ్ళి చూస్తే దొంగ దొరుకుతుంది.

కుండీ అంచు దాటి గాలిలోకి వేలాడే వేళ్ళను చూసి చాలామంది భయపడతారు. అవి జబ్బు కాదు, మొక్క స్వభావం. వాటిని కోయవద్దు, బలవంతంగా వంచి లోపల పాతవద్దు. గాలిలో పెరిగిన వేరు కుండీ లోపలి తడిని తేలికగా ఓర్చుకోదు.

వేళ్ళు ఎందుకు పోతాయి?

నీళ్ళ తరువాత పెద్ద కారణం పాతబడిన పాదు. ఆర్కిడ్‌కు మట్టి పనికిరాదు. చెట్టుబెరడు ముక్కలు, కొబ్బరిడొప్పల ముక్కలు, బొగ్గు, ఇటుకముక్కలు, పెంకులు వాడతారు. వీటి పని మొక్కకు తిండి పెట్టడం కాదు, వేళ్ళకు పట్టూ వాటి మధ్య గాలీ ఇవ్వడం. బెరడూ కొబ్బరిడొప్పా ఏడాది రెండేళ్ళలో చివికి పొడి అవుతాయి. ఆ పొడి ముక్కల సందులన్నీ పూడ్చి, బురదలా నీటిని పట్టి ఉంచుతుంది. అప్పటిదాకా సరిపోయిన నీళ్ళే అప్పటినుంచి ఎక్కువవుతాయి. మా అమ్మ రెండేళ్ళకొకసారి ఎండాకాలంలో ఆ కుండీని విప్పేదని తరువాత పక్కింటివారు చెబితే తెలిసింది.

మూడో కారణం ఉప్పు. బోరునీళ్ళలోని లవణాలూ, రసాయనపు ఎరువూ ముక్కలమీద తెల్లని పెచ్చులా పేరుకుంటాయి. బొగ్గు చివకదుగాని ఉప్పును పట్టి ఉంచుతుంది. అపార్టుమెంట్లలో బోరునీటిని మెత్తబరచడానికి ఉప్పు వాడే యంత్రంనుంచి వచ్చే నీరు ఆర్కిడ్లకు మంచిది కాదు. మంచినీటి యంత్రం వదిలేసే వృథానీరు అంతకన్నా చెడ్డది. వాననీరు అన్నింటికన్నా శ్రేష్ఠం. డాబా మీద రెండు బిందెలు పెడితే వానాకాలమంతా గడుస్తుంది. ఎరువు వేసేవారు పొట్లంమీద వ్రాసిన మోతాదులో నాలుగో వంతు వేస్తే చాలును. అదైనా తడిసిన వేళ్ళకేగాని పొడివేళ్ళకు వేయరాదు. నెలకొకసారి వట్టినీళ్ళు ధారాళంగా పోసి, అడుగునుంచి కారనిచ్చి, పేరుకున్న ఉప్పును కడిగివేయవలెను.

ఇక పెద్దకుండీ ఒక ప్రమాదం. పిల్లలకు చొక్కా పెరిగేటట్లు కుట్టించినట్లు మొక్కకు కూడా పెద్దకుండీ ఇద్దామనుకుంటాము. కుండీ ఆకులకు కాదు, బతికున్న వేళ్ళకు సరిపోవలెను. మిగిలిన చోటంతా ఆరని తడికే నెలవు.

విప్పి, కడిగి, మళ్ళీ నాటడం

చాలా వేళ్ళు బాగుంటే తొందర లేదు. పూలు రాలిపోయి, కొత్తవేళ్ళు మొటిమల్లా పొటమరిస్తున్న సమయంకోసం ఆగవచ్చును. డెండ్రోబియమ్, కాట్లియాలకు అవి కొత్త పిలక మొదట్లో వస్తాయి. ఫెలినాప్సిస్, వాండాలకు ఆకుల మధ్య కాండంనుంచి వస్తాయి. అప్పుడు నాటితే కొత్తవేరు కొత్తపాదులోకే దిగుతుంది. సగానికి మించి కుళ్ళి ఉంటే మాత్రం ముహూర్తం చూడకుండా వెంటనే విప్పవలెను.

కుండీని ముందుగా ఒక పావుగంట నీళ్ళలో ఉంచితే అంటుకున్న వేళ్ళు మెత్తబడి వదులుతాయి. అప్పటికీ వదలకపోతే వేరును చింపకండి, కుండీనే పగలగొట్టండి. పాతముక్కలన్నీ రాల్చి, పారే నీటికింద కడగండి. తరువాత ఒక్కొక్క వేరునూ నొక్కి చూసి, మెత్తనివాటినీ బోలువాటినీ గట్టిభాగం వచ్చేదాకా కత్తిరించండి. సగం గట్టిగా ఉన్న వేరును సగమే కోయండి. దానికి పక్కనుంచి కొత్తకొమ్మ వేసే శక్తి ఉన్నది.

కత్తెర విషయంలో ఒక హెచ్చరిక. ఆర్కిడ్లకు వైరస్ తెగుళ్ళున్నవి. అవి ఒక మొక్క రసంనుంచి మరొక మొక్కకు కత్తెరమీదుగానే ప్రయాణం చేస్తాయి. వాటికి మందు లేదు. ఒక మొక్క అయిన తరువాత కత్తెరను నిప్పులో బాగా కాల్చి, చల్లారనిచ్చి రెండో మొక్కకు పెట్టవలెను. కోసినచోట పసుపుపొడి అద్దే అలవాటు చాలా ఇళ్ళలో ఉన్నది. అద్దితే గాయం వరకే అద్దవలెనుగాని వేళ్ళంతటా చల్లరాదు.

కత్తిరించిన మొక్కను ఒక పూటో, ఒక రోజో నీడలో ఆరనివ్వండి. కొత్త కొబ్బరిడొప్పముక్కలు వాడేటట్లయితే వాటిని ముందుగా రెండు మూడు రోజులు నీళ్ళు మారుస్తూ నానబెట్టి, వాటిలోని ఉప్పూ వగరూ పోగొట్టవలెను. కుండీ అడుగున పెద్ద పెంకుముక్కలు వేసి, మొక్కను మునుపటి లోతులోనే నిలిపి, ముక్కలను వేళ్ళమధ్య వదులుగా నింపండి. మొదలు పూడిపోరాదు. మొక్క ఊగకుండా ఒక పుల్లకు కట్టండి. ఊగే మొక్క లేతవేరు కొన రాపిడికి తెగిపోతుంది. మొదటి వారం నీడలో ఉంచి, ముక్కలు కాస్త తడిసేటంత నీరు మాత్రం చల్లండి. కొత్తవేరు కనిపించేదాకా ఎరువు మాట తలపెట్టవద్దు. ఆకలిలేని రోగికి పులిహోర పెట్టినట్లవుతుంది.

వేళ్ళన్నీ పోయిన మొక్కకు కూడా ఒక ఆశ ఉన్నది. మొదలు గట్టిగా ఉండి, ఆకో కాడో ఇంకా పచ్చగా ఉంటే, తడిపి బాగా పిండిన కొబ్బరిపీచు పిడికెడు ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో వేసి, మొక్కను దానిమీద కూర్చోబెట్టి, మూతి వదులుగా కట్టి, ఎండ తగలని వెలుతురులో వేలాడదీయవలెను. సంచిలోని తేమ ఆకులు ఎండకుండా కాపాడుతుంది. వారానికి ఒకటి రెండుసార్లు విప్పి గాలి తగలనిచ్చి, బూజు పట్టినదేమో చూడవలెను. వేరు రావడానికి వారాలు పట్టవచ్చును, నెలలూ పట్టవచ్చును. అన్నీ బతకవు. కాని పెంటకుప్పమీద వేయడానికి ముందు ఆ అవకాశం ఇవ్వడం మన ధర్మం.

ఊరినిబట్టి నీళ్ళు

‘వారానికి ఎన్నిసార్లు పోయవలె?’ అని అందరూ అడుగుతారు. దానికి అన్ని ఊళ్ళకూ పనికివచ్చే జవాబు లేదు. సముద్రమట్టానికి మూడువేల అడుగుల ఎత్తున ఉన్న బెంగుళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు చల్లన. కుండీలు నెమ్మదిగా ఆరతాయి, అప్పుడు నీళ్ళు బాగా తగ్గించవలెను. చెన్నైవారికి అక్టోబరునుంచి డిసెంబరుదాకా వచ్చే వానలు, ముంబయి, పుణేవారికి జూన్‌నుంచి సెప్టెంబరుదాకా వచ్చే వానలు పరీక్షాకాలం. రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు కుండీలను చూరుకిందికి మార్చవలెను. బరంపురం, యానాంవారికి గాలిలోనే తేమ ఎక్కువ గనుక కొయ్యబద్దీల బుట్టలో పాదే లేకుండా వాండాను వేలాడదీసినా పెరుగుతుంది. అలా వట్టివేళ్ళతో ఉన్న వాండాకు మాత్రం పొడిరోజులలో రోజూ, వేళ్ళు వెండిరంగు పోయి పచ్చబడేదాకా నీళ్ళు పోయవలెను. ఒకే కుటుంబమైనా కుండీలోని ఫెలినాప్సిస్‌కూ బుట్టలోని వాండాకూ ఒకే నియమం కుదరదు.

ఎక్కడైనా పాటించవలసినవి రెండున్నవి. పోస్తే ఉదయమే పోయవలె, రాత్రికి ఆకుల మధ్య నీరు నిలవరాదు. పోసినప్పుడు అడుగునుంచి కారేటట్లు బాగా పోయవలె, కిందిపళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయవలె. సందేహం వస్తే ఒక సన్నని వెదురుపుల్లను కుండీలోకి గుచ్చి పదినిమిషాలు ఉంచి తీయండి. పుల్ల తడిసి ముదురురంగులో వస్తే ఆనాటికి నీళ్ళు వద్దు.

మరొక మాట. ఇది చదివి అడవికి వెళ్ళినప్పుడు చెట్టుమీది ఆర్కిడ్‌ను పీకి తేవద్దని మనవి. బ్లూవాండా, రెడ్‌వాండా, లేడీస్‌స్లిప్పర్ వంటివాటిని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షిత జాబితాలో చేర్చినది. చట్టం మాట అటుంచినా, కొమ్మను పట్టుకున్న వేళ్ళు పీకడంలోనే తెగిపోతాయి. అటువంటిది మన కుండీలో బతకడం అరుదు.

అమ్మ కుండీలో ఆ రోజు మామయ్య కత్తిరించగా మిగిలిన వేళ్ళు నాలుగు. మూడు కాడలు ఎండిపోయినవి. నాలుగో కాడ మొదట్లో రెండున్నర నెలలకు ఆవగింజంత పచ్చని మొన ఒకటి పొడుచుకువచ్చింది. దాన్ని చూసి బరంపురానికి ఫోనుచేస్తే, “ముట్టుకోకండర్రా, లేతది, విరుగుతుంది” అన్నాడాయన. ఇంకా పూయలేదు. ఇప్పుడు అయిదు కొత్తవేళ్ళున్నవి. పొద్దున కాఫీ అయిన తరువాత మేమూ దాన్ని రెండు చేతులతో ఎత్తి చూస్తున్నాము. వారంలో నాలుగు రోజులు నీళ్ళు పోయకుండానే లోపలికి వస్తున్నాము.

మీ ఇంట్లో ఆర్కిడ్ ఉంటే ఈ ఆదివారం చెంబు పక్కన పెట్టి, ముందు ఆ కుండీని ఒకసారి ఎత్తి చూడండి.